కరువు, కాలువ, ఆదివారం: ఒంగోలు మాదిగల విశ్వాస చరిత్ర నుంచి కొన్ని పేజీలు

తెలుగునాట దళిత క్రైస్తవుల చరిత్ర గురించి నోరు తెరిస్తే ముందుగా ఎదురయ్యేది ఒక ఎగతాళి. గోధుమనూకకీ పాలపొడికీ మతం మారినోళ్ళని ఊళ్ళో అంటారు. అదే మాటను విశ్వవిద్యాలయంలో కొంచెం నాజూకుగా 'భౌతిక ప్రలోభాల వల్ల జరిగిన మతాంతరీకరణ' అంటారు. మాట తీరు మారింది గానీ అర్థం ఒకటే. మాలలకీ మాదిగలకీ కడుపే గానీ బుర్ర ఉండదని, ఆకలి తెలుస్తుంది గానీ ఆలోచన తెలియదని దాని అర్థం. 1936లో గాంధీ, జాన్ మాట్ అనే అమెరికన్ మిషనరీ నాయకుడితో మాట్లాడుతూ, హరిజనులకు సువార్త చెప్పడాన్ని ఆవుకు చెప్పడంతో పోల్చాడు. వాళ్ళకు మతాల మధ్య తేడాలు తెలుసుకునే శక్తి లేదని ఆయన ఉద్దేశం. ఊరి ఎగతాళికీ మహాత్ముడి మాటకీ మధ్య దూరం ఎంతో మేము కొలవదలచుకోలేదు. ఆ రెండూ ఒకే పునాది మీద నిలబడ్డాయని మాత్రం గుర్తుచేస్తున్నాం.

ఈ వ్యాసంలో మేము ఒక ప్రశ్న పెట్టుకున్నాం. చావు కళ్ళ ముందు నిలబడ్డప్పుడు మా తాతల తాతలు క్రైస్తవ విశ్వాసంతో ఏం చేశారు? ఆ విశ్వాసం వాళ్ళకేం చేసింది అనే ప్రశ్నకు మిషనరీలు చాలా పుస్తకాలు రాశారు. వాళ్ళు దానితో ఏం చేశారనే ప్రశ్న వేరు. దీనికి జవాబు వెతకడానికి 1876-78 నాటి కరువునూ, ఆ కరువులో ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్నీ తీసుకున్నాం. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లాలోకి, 1970లో కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలోకి వచ్చింది. ఆ జిల్లానే తర్వాత ప్రకాశం అన్నారు.

ధాత కరువు

పంచాంగం ప్రకారం 1876-77 ధాత నామ సంవత్సరం. అందుకే పెద్దవాళ్ళు దీన్ని ధాత కరువు అన్నారు. 1876లో వానలు ఎగ్గొట్టాయి. నైరుతీ లేదు, ఈశాన్యమూ లేదు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఎండిపోయాయి. తిండిగింజలు దేశంలో లేక కాదు జనం చచ్చింది. రైళ్ళూ ఓడలూ నడుస్తూనే ఉన్నాయి, ధాన్యం వ్యాపారం సాగుతూనే ఉంది. కొనడానికి కూలివాడి చేతిలో డబ్బు లేదు. 1880 నాటి కరువు కమీషన్ లెక్క ప్రకారమే బ్రిటిష్ పాలనలో ఉన్న ప్రాంతాల్లో 50 లక్షల మందికి పైగా అదనంగా చనిపోయారు. వీళ్ళలో ఎక్కువమంది ఎవరై ఉంటారో ఊరి నిర్మాణం తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. గాదెలో గింజ లేనివాడు ముందు పోతాడు. మాదిగకు గాదె ఎక్కడిది?

1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ దర్బారు పెట్టి విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాడు. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చి కరువు పనుల కూలి తగ్గించాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను గింజల ధర, దానిపైన ఒక అణా. దీన్నే 'టెంపుల్ కూలి' అన్నారు. రోజంతా మట్టి తవ్వే మనిషి ఒక పౌను గింజలతో బతకలేడని మద్రాసు శానిటరీ కమీషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తర్వాత గానీ కూలి కొంత పెరగలేదు. ఖజానా పొదుపు కోసం మనిషి బతకడానికి ఎంత తక్కువ సరిపోతుందో లెక్కగట్టిన పాలన అది.

కరువుతోపాటు కలరా వచ్చింది. తోళ్ళ పని ఆగిపోయింది. చెప్పులు కుట్టించుకునేవాడు లేడు, బొక్కెన కుట్టించుకునే రైతు బావిలో నీళ్ళే లేవు. కళ్ళం దగ్గర మాదిగకు రావలసిన మేర కళ్ళం లేకపోతే ఎక్కడ నుంచి వస్తుంది? మామూలు రోజుల్లో ఊరికీ మాదిగపల్లెకీ మధ్య ఉన్న సంబంధాన్ని 'పరస్పర ఆధారం' అని వర్ణించే పండితులు ఉన్నారు. కరువు రాగానే ఆ ఆధారం ఒకవైపే తెగింది.

కాలువ కట్ట మీద

ఒంగోలులో అప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఉన్నాడు. 1865లో నెల్లూరు వచ్చి, 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. మతబోధకుడు కాకముందు సర్వే పని నేర్చుకున్న మనిషి. మద్రాసు నుంచి బెజవాడ వైపు తవ్వుతున్న బకింగ్‌హాం కాలువను ప్రభుత్వం కరువు పనిగా సాగిస్తుండగా, అందులో సుమారు మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు ఆయన తీసుకున్నాడు. మిగతా పనిచోట్ల మేస్త్రీలు, చిన్న ఉద్యోగులు కులాల వాళ్ళు. మాల మాదిగ కూలీలను తిట్టడం, కొట్టడం, కూలిలో కోత పెట్టడం అక్కడ మామూలు. క్లౌ పనిలో మేస్త్రీలు ఆయన దగ్గరి బోధకులే, అంటే చాలామంది మాదిగలే.

ఇది చిన్న విషయం కాదని మేమనుకుంటున్నాం. పలుగూ పారా పట్టిన మాదిగ పక్కన కొలబద్ద పట్టి, లెక్క రాసి, కూలి చేతికిచ్చేవాడు కూడా మాదిగే కావడం ఆ ప్రాంతంలో అంతకుముందు ఎవరైనా చూశారా? మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు ఆ బోధకులు కూలీలతో మాట్లాడేవాళ్ళు. ప్రయాసపడి బరువులు మోసేవాళ్ళందరినీ తన దగ్గరికి పిలిచి విశ్రాంతి ఇస్తానన్న క్రీస్తు మాటను మళ్ళీ మళ్ళీ చెప్పేవాళ్ళని క్లౌ రాసుకున్నాడు. గుడిలో కూర్చుని వింటే అది ఒక వాక్యం. తట్ట దించి, నడుం పట్టుకుని కూర్చున్నవాడికి అది తన గురించి ఎవరో మొదటిసారి అడిగిన కబురు.

పదిహేను నెలలు

ఇప్పుడు 'కూడు కోసం మతం' అనే వాదన దగ్గరికి వద్దాం. వాస్తవాలు చూడండి. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, సుమారు పదిహేను నెలలపాటు, ఒంగోలు మిషన్ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆకలికి వచ్చారా, నమ్మకంతో వచ్చారా అనే అనుమానం మిషన్‌కే ఉంది గనక, కరువు సాయం సాగినంతకాలం తలుపు మూసేసింది. అంటే కూడు దొరికిన కాలంలో బాప్తిస్మం దొరకలేదు. ఆ కూలీ కూడా ఊరికే పెట్టిన కూడు తినలేదు, కాలువ తవ్వి కూలి తీసుకున్నాడు.

సాయం డబ్బు అయిపోయాక 1878 జూన్ చివర క్లౌ తన బోధకులను ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మన్నాడు. జనాన్ని తీసుకురావద్దని ముందే కబురు పెట్టాడు. అయినా జనం వచ్చారు. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని ఆయన చెప్తే, మాకు డబ్బు అక్కర్లేదని వాళ్ళు జవాబిచ్చారు. పనిచేసి బతికామనడానికి మా చేతుల మీది బొబ్బలే గుర్తు అన్నారు. మళ్ళీ పంట పోతే చస్తాం, చచ్చేటప్పుడు క్రైస్తవులుగా చస్తాం అన్నారు. ఈ సంభాషణ రాసి పెట్టింది మిషనరీయే కాబట్టి మేము దాన్ని జాగ్రత్తగానే చదువుతున్నాం. అయితే సాయం డబ్బు అయిపోయిన సంగతికీ, మూసి ఉన్న పదిహేను నెలలకీ ఈ మాటలు సరిగ్గా సరిపోతున్నాయి.

జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536 మంది గుండ్లకమ్మ నీళ్ళలో మునిగి లేచారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్ళలో నిలబడి ఈ పని చేశారు. మునిగినవాడి నెత్తిన చెయ్యి పెట్టినవాడు దొర కాదు, ఎక్కువగా తన కులపోడే. మిషన్ చరిత్రలు 2,222 అనే అంకెను పండగలా చెప్పుకుంటాయి. మాకు ఆ అంకె కన్నా, అందులో ప్రతి ఒక్కరినీ పేరు అడిగి రాసుకున్నారనే సంగతి ముఖ్యం. కరువు చావుల్లో లక్షల్లో లెక్క తేలినవాళ్ళు ఇక్కడ ఒక్కొక్కరుగా, తమ పేరుతో రాతలోకి వచ్చారు.

కరువుకు ముందే

అసలు ఈ కథ కరువుతో మొదలవలేదు. ఒంగోలుకు పడమట దాదాపు నలభై మైళ్ళ దూరాన తాళ్ళకొండపాడు అనే ఊళ్ళో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఉండేవాడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. అంతకుముందే రాజయోగం నేర్చిన మనిషి, చుట్టుపక్కల గురువుగా పేరున్నవాడు. వ్యాపారం మీద ఉత్తరాన ఏలూరు దాకా వెళ్ళి అక్కడ క్రైస్తవ బోధ విన్నాడు. విన్నదాన్ని తన యోగంతో పోల్చి చూసుకున్నాడు. ఆ తర్వాతే మిషన్‌ను వెతుక్కుంటూ వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే క్లౌ పేరయ్య ఊరికి వెళ్తే 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళను సిద్ధం చేసింది పేరయ్యే.

కృష్ణా జిల్లా రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల కథ కూడా ఇలాంటిదే. మిషనరీని చూడకముందే విగ్రహాల మీద నమ్మకం పోగొట్టుకుని, పేరు తెలియని పెద్ద దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ తిరిగాడు. 1859లో సీఎమ్మెస్ మిషన్‌లో బాప్తిస్మం పొందాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి రాసిన 'వైల్ సూయింగ్ శాండల్స్' పుస్తకంలో మాతంగి, అరుంధతి కథలతో పాటు ఈ గురువుల అన్వేషణ కూడా నమోదైంది. ఆవుతో పోల్చదగిన మనుషులు చేసే పనులా ఇవి? ఒక మతాన్ని విని, ఇంకో మతంతో సరిచూసి, ఊళ్ళు నడిచి, వాదించి తేల్చుకున్నవాళ్ళు వీళ్ళు. చదువు రాకపోవడం వేరు, ఆలోచన రాకపోవడం వేరు.

వాళ్ళు సరిచూసిన ప్రధాన విషయం బాధకు కారణం. 'నా బతుకు ఇలా ఎందుకుంది?' అనే ప్రశ్నకు ఊరు ఇచ్చిన జవాబు పూర్వజన్మ కర్మ. అంటే బాధపడేవాడే దోషి. కొట్టినవాడు ఆ కర్మఫలాన్ని అందించే పనిముట్టు మాత్రమే. మశూచీ వస్తే అమ్మవారికి కోపం, దున్నపోతును నరకాలి, నరికే పనీ మనదే, డప్పు కొట్టే పనీ మనదే. కొత్తగా విన్న కథలో దేవుడి కొడుకు ఏ తప్పూ చెయ్యలేదు. అయినా అధికారులూ పూజారులూ కలిసి ఊరి గవిని బయటకు ఈడ్చుకెళ్ళి చంపారు. ఊరి బయట ఉండేవాళ్ళకు ఆ చోటు వివరించి చెప్పాలా? బాధపడేవాడు దోషి కానక్కర్లేదనీ, చంపినవాళ్ళే దోషులు కావచ్చనీ ఆ కథ చెప్తుంది. మా ప్రాంతపు సంఘాల్లో శుభ శుక్రవారానికి ఉన్నంత జనం మామూలు ఆరాధనకు ఎందుకు రారో దీన్నిబట్టి ఆలోచించవచ్చు.

ఆదివారం అనే సమ్మె

సంఘంలో చేరేవాళ్ళకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదివితే మతనియమాల్లా ఉంటాయి. ఊళ్ళో అమలు చేస్తే ఏమవుతుందో చూడండి.

గొడ్డు చస్తే ఈడ్చుకుపోవడం వెట్టిలో భాగం, ఆ మాంసం దానికి ప్రతిఫలం. మాంసం వద్దంటే ఆ వెట్టి లెక్కే తారుమారవుతుంది. విగ్రహానికి మొక్కమంటే జాతరలో డప్పు కొట్టేవాడు ఉండడు. డప్పు లేకపోతే ఊరి పండగ కదలదు. ఇక ఆదివారం. కోతలప్పుడు, నాట్లప్పుడు వారానికి ఒకరోజు మాదిగపల్లె మొత్తం పనిలోకి రాకపోవడమంటే రైతు దృష్టిలో అది తిరుగుబాటే. భారతదేశపు ఫ్యాక్టరీ కార్మికులకు వారాంతపు సెలవు చట్టంలోకి వచ్చింది 1891లో. వ్యవసాయ కూలీకి అలాంటి హక్కు అప్పుడెక్కడిది? ఒంగోలు మాదిగలు 1860ల నుంచే ఆదివారం నాది అన్నారు. దేవుడి పేరు చెప్పకుండా ఆ మాట అని ఉంటే ఒక్క పూట కూడా నిలబడి ఉండేవాళ్ళు కాదు.

నిలబడినందుకు దెబ్బలు తిన్నారు. కరణాలు, మునసబులు, భూస్వాములు కలిసి బావులు మూయించారు, కూలి ఎగ్గొట్టారు, దొంగతనం కేసులు బనాయించారు. క్లౌ రాతల్లో ఈ సంఘటనలు చాలా ఉన్నాయి. విశ్వాసం వాళ్ళ బాధను పోగొట్టలేదు, ముందు పెంచింది. తేడా ఏమిటంటే అంతకుముందు ఎందుకు కొడుతున్నారో తెలియని దెబ్బలు. ఇప్పుడు తాము ఎంచుకున్న దానికోసం పడుతున్న దెబ్బలు. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా 'మతం మారినా బతుకు మారలేదు' అనేవాళ్ళు చరిత్రను కడుపు దగ్గరే ఆపేస్తున్నారు.

మొర, సాక్ష్యం

సంఘం మా వాళ్ళకు రెండు మాటలిచ్చింది. ఒకటి మొర. తెలుగు బైబిలులో ఐగుప్తులో ఇటుకలు చేసే బానిసలు పెట్టింది మొర. కష్టం చెప్పుకోవాలంటే అంతదాకా కరణం అరుగు కింద, చేతులు కట్టుకుని, దూరంగా నిలబడి చెప్పుకోవాలి. ప్రార్థనలో మొర కరణాన్నీ మునసబునూ దాటి నేరుగా పోతుంది. పల్లెల్లో ప్రార్థన చేసే ఆడవాళ్ళ గొంతు వినండి. అందులో అప్పులు, తాగుబోతు మొగుడు, పసిబిడ్డకు జ్వరం, ఆసామి తిట్టిన తిట్టు అన్నీ వరసగా వస్తాయి. అడుక్కోవడం లాగా ఉండదు, నిలదీసినట్టు ఉంటుంది. దీన్ని 'ఓదార్పు' అని తేలిగ్గా తీసెయ్యలేం. తన బాధను తన మాటల్లో, నలుగురి ముందు, బిగ్గరగా చెప్పుకునే అలవాటు అది.

రెండోది సాక్ష్యం. ఊరి పంచాయితీలో మాదిగ మాటకు విలువ లేదు. సంఘంలో ప్రతివాడూ లేచి తన జీవితం గురించి సాక్ష్యం చెప్పాలి. చదువులేని ముసలమ్మ నిలబడి చెప్తే చదువుకున్న పాస్టరు కూర్చుని వినాలి. తర్వాతి కాలంలో దళిత ఉద్యమ సభల్లో మైకు ముందుకొచ్చి, కాగితం లేకుండా, తడబడకుండా తమకు జరిగింది చెప్పిన స్త్రీలు ఆ మాట్లాడే విద్యను ఎక్కడ నేర్చుకున్నారో ఎవరూ అడగలేదు.

క్రైస్తవంలో పుట్టిన గుర్రం జాషువ 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు, అందులోని అరుంధతీ సుతుడు తన కష్టాన్ని గబ్బిలం చేత కాశీలో ఉన్న శివుడికి చెప్పి పంపుతాడు. కావ్యానికి మేఘసందేశం నమూనా అని విమర్శకులు చెప్తూ వచ్చారు. నిజమే. కానీ ఆ కావ్యపు ఊపిరి మొర. తప్పు చెయ్యనివాడు దేవుణ్ణి సంజాయిషీ అడిగే మొర. ఆ ఊపిరి పల్లె ప్రార్థనల్లో కూడా ఉందని మా అభిప్రాయం. ఆ జాషువకే 1964లో 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

అంబేద్కర్ వేసిన ప్రశ్న

ఇంతవరకూ చెప్పింది ఒకవైపు. రెండోవైపు చెప్పకపోతే ఇది కూడా మిషన్ చరిత్రే అవుతుంది.

మతం మారిన అంటరానివాళ్ళ స్థితి గురించి రాస్తూ అంబేద్కర్ ఒక గట్టి విమర్శ చేశాడు. నీ పతనానికి నీ కర్మ కారణమని హిందువు చెప్తాడు. నీ పతనానికి పాపం కారణమని మిషనరీ చెప్తాడు. ఇద్దరూ సమాజం వైపు వేలు చూపించరు. అందువల్ల మతం మారినవాడికి తన్ను అణిచిన పరిస్థితుల మీద పోరాడాలనే ప్రేరణ కలగదని ఆయన వాదన. ఈ విమర్శను క్రైస్తవ దళితులు తప్పించుకోలేరు. 'మొర' స్థానంలో 'పశ్చాత్తాపం' వచ్చి కూర్చున్న ప్రతి ప్రసంగపీఠం దగ్గరా అంబేద్కర్ చెప్పింది నిజమైంది. కూలి ఎగ్గొట్టినవాడి పాపం గురించి మాట్లాడకుండా కూలివాడి పాపం గురించే మాట్లాడే పాస్టర్లను మేము చిన్నప్పటినుంచీ విన్నాం. సహనమే కిరీటమని, ఈ లోకంలో బాధ పరలోకంలో బహుమానమని చెప్పి పంపిస్తే, కర్మ సిద్ధాంతం పేరు మార్చుకుని చర్చిలోకి వచ్చినట్టే.

మిషన్లకు కులంతో రాజీ కొత్త కాదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి అగ్రవర్ణాల పిల్లల కోసం. అంటరాని పిల్లలకు అందులో ప్రవేశం లేదు. ఒంగోలులో మాత్రం మాదిగలను చేర్చుకోవద్దని కులాల వాళ్ళు పట్టుబట్టినప్పుడు క్లౌ మాదిగల వైపే నిలబడ్డాడు, కులాల పిల్లలు బడి వదిలిపోయారు. అలా నిలబడినచోట కూడా వేరే చిక్కు వచ్చింది. ఒక మిషన్‌లో మాదిగలు ఎక్కువ, పక్క మిషన్‌లో మాలలు ఎక్కువ. దేవుడి పేరుతో కలవాల్సిన రెండు పల్లెలు వేర్వేరు గుళ్ళు కట్టుకున్నాయి. పెళ్ళి సంబంధాల దగ్గర కులం అలాగే ఉంది. కె. విల్సన్ 1982లో దళిత క్రైస్తవులను రెండుసార్లు పరాయీకరణకు గురైనవాళ్ళని రాశాడు. సమాజం ఒకసారి, సంఘం ఒకసారి.

అయితే అంబేద్కర్ విమర్శ ప్రసంగపీఠానికి ఎంత వర్తిస్తుందో, కింద చాప మీద కూర్చున్నవాళ్ళకు అంత వర్తించదని ఒంగోలు చరిత్ర చూపిస్తోంది. ఆదివారం పని మానేసినవాళ్ళు, డప్పు దించినవాళ్ళు సమాజం వైపే వేలు చూపించారు. బోధించిన మతమూ, బతికిన మతమూ ఒకటి కావు. మన పరిశోధన ఇంతవరకూ మొదటిదాన్నే చదివింది.

చట్టం ముందు

ఈ విశ్వాసానికి స్వతంత్ర భారతం వేసిన పన్ను గురించి కూడా చెప్పుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందువులు తప్ప వేరే మతస్తులు షెడ్యూల్డు కులాల కిందికి రారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణలు వచ్చాయి. క్రైస్తవులకూ ముస్లిములకూ రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నాటి ఏర్పాటుతో మతం మారిన దళితులను బీసీ-సీ గ్రూపులో ఒక శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టారు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా కులపు ఇబ్బందులు అదే తీవ్రతతో ఉన్నాయని రుజువు చూపాలంది. రంగనాథ్ మిశ్రా కమీషన్ 2007లో మతానికీ ఎస్సీ హోదాకీ ముడి తెంచమని సిఫారసు చేసింది. 2022లో మళ్ళీ ఇంకో కమీషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. 2025 ఏప్రిల్‌లో అదే రాష్ట్రపు హైకోర్టు ఒక పాస్టరు కేసులో, క్రైస్తవంలోకి మారినవాడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది.

అందుకే మా ఇళ్ళల్లో మనిషికి రెండు పేర్లు. సంఘంలో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి. యేసురత్నం బడిలో వెంకటరత్నం అవుతాడు. ఇది మోసమని పత్రికలు రాస్తాయి. గుండ్లకమ్మ ఒడ్డున పేరు రాయించుకున్నవాడి మునిమనవడి చేత ఆ పేరు దాచిపెట్టిస్తున్నది ఎవరో మాత్రం రాయవు.

కొట్టేవాడికి ఈ రెండు పేర్లతో పనిలేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి కలపొద్దని ఎదురుతిరిగి బిందె ఎత్తిన స్త్రీ పేరు సువార్త. చనిపోయినవాళ్ళలో మోషే అనే పేరుంది. ఒంగోలు కరువునాటి మాదిగపల్లెల ప్రాంతమే అది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అక్కడి బాధితులు పట్టుబట్టి తమ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. ఆ కోర్టులో ఒక్కొక్కరూ నిలబడి సాక్ష్యం చెప్పారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నేరం రుజువు కాలేదని అందర్నీ వదిలేసింది. సంఘంలో నేర్చిన సాక్ష్యం కోర్టు మెట్లదాకా వచ్చింది. కోర్టు దాన్ని నమ్మలేదు.

కారంచేడు తర్వాత ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. దాని చరిత్ర రాసేవాళ్ళు అంబేద్కర్ ఆలోచన, వామపక్ష రాజకీయాల అనుభవం, కొత్తగా చదువుకున్న తరం అనే మూడు మూలాలు చెప్తారు. నాలుగో మూలం కూడా ఉందని మా ప్రతిపాదన. మొర పెట్టడం, సాక్ష్యం చెప్పడం, వద్దన్న పని మానెయ్యడం అనే వంద సంవత్సరాల పల్లె అభ్యాసం అది. దీన్ని ఒప్పుకోవడానికి మిషనరీలను పొగడనక్కర్లేదు, చర్చిని క్షమించనక్కర్లేదు. కాలువ తవ్విన చేతుల్ని గుర్తుపడితే చాలు.

చెయ్యాల్సిన పని చాలా ఉంది. పల్లె సంఘాల్లో పాత రిజిస్టర్లు ఉన్నాయి. బాప్తిస్మం తేదీ, తండ్రి పేరు, ఊరు, పెళ్ళి, చావు రాసినవి. చాలా మాదిగ కుటుంబాల పేర్లు మొదటిసారి కాగితం మీదికెక్కింది వాటిలోనే. కొన్ని ట్రంకుపెట్టెల్లో చెదలు పడుతున్నాయి. కరువు గురించీ, ఆదివారం గొడవల గురించీ తాతల దగ్గర విన్న ముసలివాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళు పాడే పాటల్లో అచ్చయిన కీర్తనల పుస్తకంలో లేనివి చాలా ఉన్నాయి. ఈ పత్రిక చదివే విద్యార్థులు, ఉపాధ్యాయులు సెలవులకు ఊరెళ్ళినప్పుడు తమ సంఘపు రిజిస్టర్ ఎక్కడుందో అడగాలి. చేతికొస్తే మొదటి పేజీ నుంచి చివరిదాకా నకలు రాసుకోవాలి. ఆ పేర్ల పక్కన, వాటిని గుర్తుపట్టగల పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి.